చివరి ఆటో వచ్చాకే బల్ల

పోయిన నెల మొదటి ఆదివారం మా సంఘంలో జరిగినది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. బల్లారాధన జరుగుతోంది. యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన అది, బల్ల అని కూడా అంటాం. రొట్టె పంచడం అయిపోయింది, ద్రాక్షారసం కప్పుల ట్రే కూడా చివరి వరస దాకా వెళ్లింది. అప్పుడు ఒక పెద్దావిడ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. రెండిళ్లలో అంట్లు తోమి అటునుంచి అటే వచ్చింది, చీర కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ట్రే పట్టుకున్న సంఘ పెద్ద, "ఆలస్యమైపోయింది, వచ్చే నెల తీసుకుందువుగానిలే అమ్మా" అన్నాడు. ఆమె మారు మాట్లాడలేదు. ముసుగు సర్దుకుని వెనక చాప మీద కూర్చుంది. ట్రేలో ఇంకా పదికి పైగా కప్పులు నిండుగా ఉన్నాయి. లేచి ఒక్క మాట అనాల్సింది, నేనూ అనలేదు.

అంతకు పావుగంట ముందే, కొరింథు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రిక, 1 కొరింథీ 11వ అధ్యాయం చదివాం. ఎప్పుడూ 23వ వచనంతో మొదలుపెడతాం, 29 దగ్గర ఆపేస్తాం. "తన్ను తాను పరీక్షించుకొనవలెను" అనగానే తలలు వంచి, ఆ నెలలో ఆడిన అబద్ధాలు, పడ్డ కోపాలు గుర్తు చేసుకుంటాం. మంచిదే. కానీ పౌలు అక్కడ ఆగలేదు. అయోగ్యముగా తినవద్దని అంత గట్టిగా హెచ్చరించి, చివరికి 33వ వచనంలో ఏమన్నాడు? "భోజనము చేయుటకు మీరు కూడి వచ్చునప్పుడు ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి."

ఇదే ఆయన చెప్పిన మందు. కొరింథులో జబ్బు ఏమిటో 21వ వచనంలోనే ఉంది. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తుగా ఉన్నాడు. అప్పట్లో ఆదివారం సెలవు లేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారాన్ని విశ్రాంతి దినం చేసింది క్రీ.శ. 321లో. పౌలు రాసిన రోజులకి అది ఇంకా రెండున్నర శతాబ్దాల తర్వాతి మాట. బానిసలు, కూలివాళ్లు యజమాని పని తీరాకే రావాలి. తీరిక ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేసేవారు. "పేదలను సిగ్గుపరచుదురా?" అని పౌలు మండిపడింది అందుకే. "అయోగ్యముగా" అన్న మాటకు భయపడి ఏళ్ల తరబడి బల్లకు దూరంగా ఉండిపోయిన అక్కలు నాకు తెలుసు. అమ్మా, యోగ్యత ఎవరికుంది? పౌలు అడిగింది తినేవాడి యోగ్యతను కాదు, తినే తీరును. పక్కవాడు క్రీస్తు శరీరంలో భాగమని చూడకుండా తినడమే ఆ అయోగ్యత.

"కనిపెట్టుకొని" అన్న మాటను ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివి తీరదు. మన తెలుగు బైబిల్లో అది ఎంత నిండుగా కుదిరిందో చూడండి. ఎదురుచూడటం అని ఒక అర్థం. ఆస్పత్రిలో "రాత్రి పేషెంట్ దగ్గర ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?" అని అడుగుతాం చూడండి, అక్కడ అదే మాటకు కళ్లు మూయకుండా చూసుకోవడం అని అర్థం. 27వ కీర్తన చివర "యెహోవాకొరకు కనిపెట్టుకొని యుండుము" అన్నదీ ఈ మాటే. కనిపెట్టు ప్రార్థనలని పేరు పెట్టుకుని రాత్రంతా మోకాళ్ల మీద ఉంటాం. దేవుని కోసం తెల్లవార్లూ కనిపెట్టగలిగిన మనం, అంట్లు తోముకుని వచ్చే ఒక తల్లి కోసం పది నిమిషాలు కనిపెట్టలేమా?

క్రిస్మస్‌కి ఆమెకు చీర పెడతాం, బియ్యం ఇస్తాం. అంతటితో సరిపోతుందా? 1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీ మహాసభలో, తర్వాత దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు తెల్లవాళ్ల ముందు నిలబడి అన్నదీ ఇదే. మీరు బీదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేము ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. ఆ మాట ఈరోజు మనకే తగులుతోంది. ఒకే పాత్రలో తాగడానికి కులం అడ్డొచ్చిన రోజులు మన సంఘాల చరిత్రలోనే ఉన్నాయి. ఇప్పుడు తలా ఒక కప్పు వచ్చింది, ఆ పేచీ కనబడకుండా పోయింది. మనసులో పోయిందా అన్నది ఎవరికి వారు చూసుకోవాలి.

నా చిన్నప్పుడు గుంటూరు వైపు మా ఊళ్లో మిరపకాయల కోత రోజుల్లో బల్లారాధన పొద్దున ఉండేది కాదు. దీపాలు పెట్టాక ఉండేది. పాస్టరు అయ్యగారు బల్ల మీద తెల్లగుడ్డ కప్పి ఉంచి, గుమ్మంలోకి వచ్చి, "చివరి ఆటో వచ్చిందా?" అని అడిగేవారు. రాకపోతే ఇంకో పాట పాడించేవారు. ఆటో దిగి గబగబా స్నానాలు చేసి వచ్చేవాళ్లలో మా అమ్మ కూడా ఉండేది. మిరపకాయలు కోసిన వేళ్లు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని వచ్చేది. రొట్టె ముక్కను ఆ వేళ్లతో నొక్కి పట్టుకునేది కాదు, అరచేతిలో పెట్టించుకుని అలాగే నోటి దగ్గరికి తీసుకెళ్లేది. ఎందుకమ్మా అంటే, "ఘాటు అంటుకుంటుంది నాన్నా, ఆయన శరీరం కదా" అనేది. అందరూ వచ్చి కూర్చున్నారని చూసుకున్నాకే అయ్యగారు గుడ్డ తీసేవారు.

పెద్దలారా, దయచేసి ట్రే లోపల పెట్టేముందు ఒక్కసారి గుమ్మం వైపు చూడండి. ముందు వరసల్లో కూర్చునేవాళ్లం, రొట్టె అందగానే బండి తాళాలు తీసుకుని లేవొద్దు. మీ వీధిలో మంచాన పడ్డవాళ్లుంటే పాస్టరు గారికి చెప్పి బల్ల ఇంటికి పంపించండి. ఎవరితోనైనా మాటలు లేకపోతే శనివారమే వెళ్లి పలకరించండి.

నిన్న ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను. "అయ్యో, నాదే ఆలస్యం బాబూ" అంటూ టీ పెట్టింది. రెండో ఇంటి పని అయ్యేసరికి పన్నెండు దాటుతుందట. పాస్టరు గారితో మాట్లాడాను, ఈసారి బల్ల పన్నెండున్నరకి. పన్నెండుకల్లా బండి వేసుకుని ఆ ఇంటి గేటు దగ్గర ఉంటాను.