నల్ల సిరా వెనక కాండోర్: కాగితాలు రాబట్టడంలో నా అనుభవం

దేశం విడిచి వచ్చిన విలేకరికి ఇంటి దగ్గర ఏ పోలీసు రికార్డు గదిలోకీ అడుగుపెట్టే వీలుండదు. అందుకే ఒక రాజ్యం చేసిన పనుల గురించి ఇంకో రాజ్యం రాసిపెట్టుకున్న కాగితాలు అడగడం అలవాటు చేసుకున్నాను. నా పని 1970లలో దక్షిణ అమెరికా సైనిక ప్రభుత్వాలు కలిసి వామపక్షాన్ని సరిహద్దులు దాటి వేటాడిన ఆపరేషన్ కాండోర్ మీద. దాని గురించి అక్కడి అమెరికా రాయబార కార్యాలయాలు రాసి పంపిన కాగితాలున్నాయి, కాబట్టి దరఖాస్తు అమెరికాకు. ఆ దేశపు సమాచార హక్కు చట్టం కింద పౌరులు కానివాళ్లూ అడగొచ్చు.

'చిలీ నిర్బంధంపై ఉన్నవన్నీ ఇవ్వండి' అంటే పని కాదు, వెతకడం కుదరదంటారు. మనిషో సంఘటనో, తేదీల హద్దు, కేబుల్ (రాయబార కార్యాలయం పంపిన తంతి సందేశం) వెళ్లిన ఊరు కచ్చితంగా రాయాలి. ఉదాహరణకు, చిలీ మాజీ మంత్రి ఓర్లాండో లెటెలియర్ హత్య, 1976 సెప్టెంబర్ 21 నుంచి అక్టోబర్ చివరి దాకా, బ్యూనస్ ఐరిస్ నుంచి వెళ్లినవి. తల్లివైపు ఇంటిపేరు, మారుపేర్లు కూడా చేర్చాలి. అజ్ఞాతంలో ఉన్నవాళ్లు ఫైల్లో చాలాసార్లు పార్టీలో పెట్టుకున్న మారుపేరుతోనే కనిపిస్తారు. చనిపోయినవారైతే మరణ ధ్రువపత్రమో, పత్రికలో వచ్చిన మరణవార్తో జతచేయండి. అది లేకపోతే గోప్యత పేరుతో దరఖాస్తు ఆగిపోవచ్చు. విలేకరి తరగతి కింద ఒప్పుకుంటే వెతికినందుకు రుసుము ఉండదు, మొదటి 100 పేజీల నకళ్లు ఉచితం.

గడువు 20 పనిదినాలు. అది చట్టంలో మాట. ఏళ్లు పట్టడం మామూలే. కాదంటే అప్పీలుకు కనీసం 90 రోజులుంటాయి. ముందు, ఇవ్వకపోవడానికి చట్టంలోని ఏ మినహాయింపును చూపించారో ఆ అంకె చూడాలి: ఒకటోది దేశ భద్రత, ఆరోది వ్యక్తిగత గోప్యత. రెండింటికీ ఒకే వాదన పనికిరాదు. 'ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం' అని జవాబొస్తే, అదే విషయాన్ని ప్రభుత్వం ఇదివరకే అధికారికంగా బయటపెట్టిన కాగితం చూపించాలి.

ఒకే కేబుల్ వేర్వేరు ఏళ్లలో విడుదలైతే, దాచాలనుకున్న మాటల్ని కప్పే నల్ల సిరా చాలాసార్లు ఒకేచోట పడదు. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చదవాలి. తర్వాత కాండోర్‌లో భాగమైన పరాగ్వే వైపు నుంచి సరిచూడాలి. 1992 డిసెంబర్ 22న అసున్సియోన్ పక్కన లంబారేలో, మాజీ ఖైదీ మార్టిన్ అల్మాడా పట్టుదల వల్ల బయటపడ్డ పోలీసు ఫైళ్లలో, 1975 నవంబర్ శాంటియాగో సమావేశానికి చిలీ గూఢచారి సంస్థ అధిపతి మాన్యుయెల్ కాంట్రెరాస్ పంపిన ఆహ్వానం కూడా ఉంది.

విచారణ వాంగ్మూలాల్ని మాత్రం నమ్మకండి. దెబ్బల కింద రాయించుకున్న దాంట్లో పనికొచ్చేవి తేదీ, చోటు, సంతకం పెట్టిన అధికారి. ఖైదీ 'ఒప్పుకున్నది' కాదు. పోలీసుల ఒక్క కార్డు మీద 'ఇన్ఫార్మర్' (పోలీసులకు సమాచారమిచ్చేవాడు) అని ఉందని ఎవరి పేరూ అచ్చెయ్యను. కార్యకర్తల మధ్య అనుమానం నాటడానికీ పోలీసులు అలా రాస్తారు. బతికున్నవారి పేర్ల పట్టిక నకళ్లతో కలపకుండా వేరే చోట ఉంచుతాను.

చివరగా కేబుల్లో నకళ్లు ఎవరెవరికి వెళ్లాయో చూస్తాను. అసలు కార్యాలయం ఇవ్వని పేజీ, నకలు అందుకున్న చోట ఉండొచ్చు. తర్వాతి దరఖాస్తు అక్కడికే.