పచ్చడికి పట్టే బూజు

ఆదివారం రాత్రి

మొన్న శ్రావణ శుక్రవారానికి కట్టుకుందామని పట్టుచీర తీస్తే ముక్కిపోయిన బియ్యం వాసన వచ్చింది. చీరదేనా, బీరువాదేనా అని వెతుకుతూ చివరకు బీరువానే ముందుకు జరిపాం. వెనక గోడ మీద, నేల నుంచి నడుమెత్తు దాకా, తాలింపులో ఆవాలు చిట్లిపడ్డట్టు నల్లటి చుక్కలు. ఇంకా దగ్గరికి వంగి చూస్తే చుక్కల మధ్య ఆకుపచ్చటి నూగు.

అమ్మకు ఫోను చేసి గోడకు బూజు పట్టిందన్నాను. "చీపురు పెట్టి దులిపెయ్యి" అంది. సాలెగూడనుకుంది పాపం. మనకు రెండూ బూజే కదా. విడమరచి చెప్తే, "గోడకు పట్టడమేమిటే? పచ్చడికి కదా పట్టేది!" అని నివ్వెరపోయింది. అనంతపురంలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ తడిబట్ట ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. బెంగళూరు ముసురు ఆవిడ ఊహకు అందేది కాదు.

నాకు మాత్రం ఏ అనుమానమూ లేకపోయింది. పై వాటాలో సరిగ్గా ఆ గోడ మీదే బాత్రూము ఉంది. ఇంకేం కావాలి? అప్పటికప్పుడు ఓనరు గారికి ఫోను చేసి, అద్దె తీసుకోవడం తెలిస్తే సరిపోదు అన్నంత మాట అనేశాను. సోమవారం ప్లంబరును తీసుకొస్తానన్నారు పాపం పెద్దాయన.

మా ఆయన ఎవరినీ నమ్మరు, నన్నయితే అసలే నమ్మరు. చుక్కల పక్కన గోడను పొడిబట్టతో తుడిచి, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు జానెడు ముక్క కత్తిరించి, నాలుగు అంచులా టేపు వేసి అంటించారు. బీరువాను మళ్లీ వెనక్కి నెట్టారు. గోడలోంచి నీరు వస్తుంటే రేకు లోపలి వైపు తడుస్తుంది, గదిలోని తేమే అయితే బయటి వైపు తడుస్తుంది. ఈ ఉదయం చూశాం. బయటి వైపు సన్నటి చెమట. వేలితో గీస్తే గీత పడింది. రేకు పీకితే వెనక గోడ పొడిగా, ఎలా తుడిచామో అలాగే ఉంది.

అంటే నీరు మాదే. ఈ రెండు నెలలుగా బట్టల స్టాండు పడకగదిలోనే ఉంది, దోమలకు భయపడి కిటికీలు మూసే ఉన్నాయి. ఇవాళ మెషీన్లోంచి తీసిన బట్టలను తూచాను, ఆరాక మళ్లీ తూచాను. రెండు కిలోల పైచిలుకు తేడా! ఆ రెండు లీటర్లూ గదిలోకే కదా పోయాయి. వంటగ్యాసు సంగతి ఇంకా విడ్డూరం. కిలో గ్యాసు మండితే కిలోన్నర పైనే నీటి ఆవిరి వస్తుంది. డిగ్రీలో నేర్చుకున్న లెక్క ఇన్నాళ్లకు పనికొచ్చింది. 14.2 కిలోల సిలిండరుకు 20 లీటర్ల పైమాటే. మాకు నెలన్నర వస్తుంది కనుక రోజుకు దాదాపు అర లీటరు, కుక్కరు ఈలలు కాక. బీరువా వెనక గాలి ఆడదు, అది బయటి గోడ కూడాను. రాత్రి చలికి చల్లబడి, చన్నీళ్ల చెంబులా చెమర్చింది.

మూతికి గుడ్డ కట్టుకుని, కిటికీ తెరిచి, బ్లీచింగు నీళ్లలో ముంచిన బట్టతో తుడిచాను. పొడిగా దులిపితే ఆ బూజు గదంతా ఎగురుతుంది. వెనిగర్ కూడా కలపమని పక్కింటావిడ సలహా ఇచ్చింది. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుందని చెప్పి ఆవిడను హడలగొట్టాను. చుక్కలు పోయాయి కానీ బూడిదరంగు మరక మిగిలింది. చీరను నీడలో గాలికి వేశాను, వాసన సగం పోయింది.

ప్లంబరు వద్దండీ అని చెప్పడానికి ఓనరు గారికి ఫోను చేయాలి. మధ్యాహ్నం నుంచి వాయిదా వేస్తూ సాయంత్రం చేశాను. రేకు కథంతా చెప్పి, తప్పు మాదేనన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత మామూలుగా, కాఫీ అయిందా అని కన్నడంలో, "కాఫీ ఆయ్తా అమ్మా?" అన్నారు.

బట్టల స్టాండు బాల్కనీలోకి వెళ్లింది, అర గంటలో జల్లు పడి హాల్లో ఫ్యాను కిందికి వచ్చింది. బీరువా ఇప్పుడు గోడకు జానెడు దూరంలో నిలబడింది. ఆ సందులోకి మావాడి బంతి అప్పుడే రెండుసార్లు దూరింది.