రుమాలు మీద ఓడ

తెలంగాణలో మా నేత ఊరు పుట్టపాకకు సముద్రం ఎక్కడో దూరం. అయినా ఈసారి తేలియా రుమాలు మీద, అంటే పోగులకు ముందే రంగులద్ది నేసే చదరపు బట్ట మీద, ఓడ వేస్తున్నాను. చీరాల రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయినవే కదా! నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెడితే ఎరుపు గట్టిగా పడుతుంది. అసలు పని అదే, వాసన మాత్రం అడగొద్దు.

1611లో ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక కొఠీ పెట్టింది. మన తీరం బట్ట కొని, అది ఇచ్చి తూర్పు దీవుల్లో మిరియాలు తీసుకునేవాళ్లు. నేతగాడి చేతికి ఎంత మిగిలిందో!

తెరచాప కుదిరింది. ఓడ తాళ్లతోనే టెన్షన్. పోగు కాస్త జరిగినా గీత మెట్లుమెట్లుగా వస్తుంది. ఓడ బొమ్మ గీసుకున్న గ్రాఫ్ కాగితం చూసి పెద్దనాన్న, "కంపెనీ ఓడైతే ఫిరంగులేవి బిడ్డా?" అన్నాడు.

రెండు పెడుతున్నాను.