మచ్చల కంటే ముందు చెవులు

అనంతపురంలో మా డాల్మేషియన్ (తెల్లని ఒంటిపై చిన్న మచ్చలుండే జాతి) ఆడకుక్కకు నీలికళ్ల మగకుక్కతో జత కట్టిద్దామని ఒక పరిచయస్థుడు అడిగితే, నేను ఒప్పుకోలేదు. ఈ జాతిలో ఒంటికి తెల్లదనాన్నిచ్చే జన్యువే లోపలి చెవిలోని రంగుకణాలనూ లేకుండా చేసి, పుట్టిన కొద్ది వారాలకే వినికిడిని పోగొట్టగలదు. నీలికళ్లున్న వాటిలో ఆ ముప్పు మరీ ఎక్కువ. పుట్టుకతోనే పెద్ద నల్ల మచ్చ ఉన్న పిల్లను ప్రదర్శనలకు పనికిరాదని పక్కన పెడతారు గానీ, విచిత్రంగా అలాంటి వాటిలోనే చెవుడు తక్కువ.

కిందటి ఈతలో, నిద్రపోతున్న పిల్లల వెనక తాళాలగుత్తి ఆడిస్తే ఐదు తలెత్తాయి, ఒకటి మాత్రం తల్లి పొట్టకు ఆనుకుని కదలకుండా పడుకుంది. ఒక్క చెవే పోతే ఈ ఇంటి పరీక్షకు దొరకదు. దానికి మెదడు స్పందనను కొలిచే బేర్ పరీక్ష చేయించాల్సిందే. కదలని ఆ పిల్లను ఎవరికీ ఇవ్వలేదు. నేల మీద కాలితో తడితే, ఆ అదురుకు ఇప్పుడు తిరిగి చూస్తుంది.