కోత మచ్చ మీద పచ్చబొట్టు

రొమ్ము క్యాన్సర్ వైద్యంలో నా ఒంటి మీద పడ్డ మొదటి పచ్చబొట్లు నేను కోరుకున్నవి కావు. రేడియేషన్ ప్రతిసారీ ఒకే చోట పడాలని ఆవగింజంత చుక్కలు పొడిచారు, అవి ఇంకా ఉన్నాయి. రొమ్ము తీసేసిన చోట కోత మీదుగా పాకే తీగ మాత్రం నేను అడిగి వేయించుకున్నది. నాకు ఊరటనిచ్చింది ఆ తేడాయే. కానీ దానికి ముందు మచ్చ ఒప్పుకోవాలి.

కుట్లు మానడం వేరు, మచ్చ ముదరడం వేరు. ఎర్రగా, ఉబ్బెత్తుగా, దురద పెడుతున్నంత కాలం లోపల కొలాజెన్, అంటే చర్మానికి గట్టిదనమిచ్చే పోగులు, ఇంకా సర్దుకుంటూనే ఉన్నట్టు. రంగు పాలిపోవాలి, మెత్తబడాలి, వేలితో కదిపితే అడుగుకు అతుక్కోకుండా జరగాలి. మామూలుగా 12 నుంచి 18 నెలలు పడుతుంది, రేడియేషన్ తగిలిన చర్మానికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. కీమో అయ్యాక తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు కోలుకున్నాయని రక్తపరీక్షలో తేలి, డాక్టరు సరేనన్నాకే సూది. చంకలో లింఫ్ గ్రంథులు తీసిన వైపు చేతి మీద మాత్రం నేనైతే వద్దంటాను. చిన్న ఇన్‌ఫెక్షన్ చాలు, చెయ్యి వాచిపోవడానికి.

సిరా నిలిచేది చర్మం రెండో పొరలో, 1–2 మిల్లీమీటర్ల లోతున. మచ్చలో ఆ పొర ఒకచోట పలచన, ఇంకోచోట గట్టి. సూది లోతుగా దిగితే గీత అంచు నీలంగా అలుక్కుపోతుంది, పైపైన ఆగితే రంగు పొట్టుతో పాటే రాలిపోతుంది. అందుకే ఒకే విడతలో నిండుగా నింపాలని చూడకూడదు. మొదటిది తేలిక చేత్తో వేసి, 6–8 వారాలాగి, ఖాళీలు అప్పుడు పూడ్చుకోవాలి. మచ్చ వెంబడే గీత గీస్తే అది మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తీగనో ఆకునో దాని మీదుగా అడ్డంగా దాటించాలి. కీలాయిడ్ తత్వం, అంటే మచ్చ గాయం హద్దు దాటి గడ్డలా పెరిగే గుణం ఉన్నవాళ్లు ముందు ఒకటి రెండు చుక్కలు పొడిపించుకుని కొన్ని నెలలు చూడాలి. ఎలర్జీలు ఎక్కువగా వచ్చేది ఎరుపుతోనే.

ఆపరేషన్లో నరాలు తెగడం వల్ల చాలామందికి అక్కడ స్పర్శ ఉండదు. నొప్పి లేదు కదా అని సంబరపడతాం గానీ, చిక్కంతా అందులోనే ఉంది. చర్మం చితుకుతున్నా ‘ఆపండి’ అనాలని మనకు తోచదు. వేసేవాళ్లే కనిపెట్టుకుని ఉండాలి: నెత్తురు ఎక్కువగా చిమ్ముతుంటే ఆ చోటికి ఆ రోజుకు చాలు. తర్వాత కూడా అంతే, చేత్తో తడిమితే తెలియదు, కంటితో చూడాలి. ఎర్రదనం పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి. మిగతాది మామూలే: గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు, పలచగా క్రీము, మానేదాకా ఈత, ఎండ బంద్.

బొమ్మ సంగతి. వైద్యం నడుస్తున్న రోజుల్లో ఎంచుకోవద్దు, అప్పుడు భయమే ఎంచుతుంది. దేవుడి రూపమైనా, పువ్వైనా, చనుమొన బొమ్మైనా, ముందు చర్మానికి పడే పెన్నుతో గీయించుకుని కొన్నాళ్లు అద్దంలో చూసుకోవాలి. మచ్చ వైపు చూడలేని దశలో పచ్చబొట్టు వేయించుకుంటే దాన్నీ చూడలేం. అప్పటికి ఆ మచ్చను రోజూ నూనెతో మెల్లగా మర్దన చేసుకోవడమే మంచిది. మచ్చా మెత్తబడుతుంది, చెయ్యీ అలవాటుపడుతుంది.

ఇకపై స్కానింగుకి వెళ్లిన ప్రతిసారీ పచ్చబొట్టు ఉందని ముందే చెప్పాలి. సిరా రేణువులు చంక గ్రంథుల్లోకి చేరి, మామోగ్రామ్‌లో సున్నపు (కాల్షియం) చుక్కల్లా కనిపించి చూసేవాళ్లను పొరబడేలా చేయవచ్చు.