స్వామి సంతకం

పదకొండు దాటింది. అత్తయ్య గోడ అవతల నుంచి ‘ఇంకా దీపం ఆర్పలేదా’ అని రెండోసారి అడిగారు. పడుకున్నా నిద్ర పట్టదని తెలిసే కూర్చున్నాను. ఉదయం నుంచి ఒక్క మాట చెవిని వదలడం లేదు. ‘స్వామీంక దస్తఖత కాహిఁ?’

పర్లాకిమిడికి కోడలిగా వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. ఒడియాలో భర్తను స్వామి అంటారని వచ్చిన వారానికే తెలిసింది. రోజూ వినే మాటే. ఇవాళ ఆసుపత్రిలో ఆ బల్ల ముందు నిలబడినప్పుడు మాత్రం అది అచ్చంగా తెలుగు మాటలా వినిపించింది. దేవుడి సంతకం ఏదీ అని అడిగినట్టు.

గర్భం తీయించుకోవడానికి వెళ్తున్న మేడ మీది అమ్మాయికి తోడు వెళ్లాను. రాసుకోనా అని అడిగితే ‘నా పేరు లేకుండా రాసుకో పిన్నీ’ అంది. చిన్నదానికి ఇంకా ఎనిమిది నెలలే. రెండూ ఆపరేషన్ కాన్పులు. మళ్లీ నెల తప్పింది, ఎనిమిదో వారం. భర్త సూరత్‌లో మరమగ్గాల పనిలో ఉన్నాడు. ఫోనులో చెబితే ‘ఉండనీ, ఈసారి బాబేమో’ అన్నాడట. ఆ మాట చెబుతూ ఆ పిల్ల కడుపు మీద కొంగు సర్దుకుంది. కుట్లు పడిన చోట ఇప్పటికీ చెయ్యి అలా పోతుంది దానికి.

బల్ల దగ్గరి నర్సమ్మ ఫారం మీద భర్త అని చేత్తో ఒక గీత గీసి, అక్కడ సంతకం లేనిదే డాక్టరు దగ్గరికి పంపనంది. భర్త ఊళ్లో లేడంటే అత్త సంతకం అంది. అత్త లేదంటే అన్నదమ్ములైనా సరే, ఎవరో ఒక మగమనిషి కావాలంది. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి తన సంతకం ఒక్కటే చాలు దిదీ, 1971 గర్భస్రావ చట్టంలోనే ఆ మాట ఉంది అన్నాను. ‘చట్టం మీ ఇంట్లో, ఇక్కడి పద్ధతి ఇదే’ అని ఫారాన్ని తన మోచేతి కింద పెట్టేసుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. వెనక వరుసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా, వీళ్లు దేనికి వచ్చారో పక్క మనిషికి చెప్పింది. బెంచీ మీది ముసలాయన తల తిప్పి ఆ పిల్లను పైనుంచి కిందికి చూశాడు. ఇలా వచ్చినవాళ్ల పేరూ సంగతీ బయటపెట్టకూడదని కూడా ఆ చట్టమే చెబుతోంది. ఎవరికి చెప్పను? రెండు గంటలు కూర్చున్నాం. పాలు చేపుకొచ్చి దాని జాకెట్టు తడిసింది. నా చీరకొంగు కప్పాను.

చివరికి డాక్టరమ్మే బయటికి వచ్చి, ఫారం లాక్కుని, ఆ గీతను కొట్టేసి ‘నువ్వు పెట్టమ్మా’ అంది. దారం కట్టిన పెన్ను అందలేదు. పిల్ల వంగి, తెలుగు అక్షరాలతో, గుడులూ దీర్ఘాలూ ఒక్కొక్కటే సరిచూసుకుంటూ తన పేరు రాసింది. మొదటి మాత్ర అక్కడే వేయించారు. మిగిలినవి ఎల్లుండి. ఇంతే జరిగింది.

ఇంటికి వచ్చాక నర్సమ్మ మీద ఎంత కోపం వచ్చిందో, అంతకంటే ఎక్కువగా ఒక సంగతి గుచ్చుకుంది. నిన్న రాత్రి ఈ పిల్ల వచ్చి చెప్పగానే నా నోట మొదట వచ్చిన ప్రశ్న కూడా ‘మీ ఆయన ఒప్పుకున్నాడా?’ అనే. నీకెలా ఉందని అడగలేదు.

అది కూడా మా పెద్దమ్మ కథ తెలిసిన నేను.

1983. పాతపట్నం దగ్గరి మా అమ్మమ్మ ఊరు. నాకు తొమ్మిదేళ్లు. పెద్దమ్మకు అప్పటికి నలుగురు ఆడపిల్లలు. ఆ ఎండాకాలం ఆమెకు ‘విషజ్వరం’ వచ్చింది. పెద్దవాళ్లు మాకు చెప్పిన పేరు అదే. నన్ను చెంబుతో నీళ్లు ఇచ్చి రమ్మన్నారు. గదిలో కిటికీ మూసి ఉంది. సాంబ్రాణి వేసినా దాని కింద నుంచి ఇంకో వాసన వస్తోంది. పెద్దమ్మ నులకమంచం పట్టెను పట్టుకుని ఉంది, వేళ్ల కణుపులు తెల్లగా అయ్యాయి. చెంబు అందుకోవడానికి ఆ చెయ్యి వదల్లేకపోయింది. నేనే నోట్లో పోశాను, సగం మెడ మీదికి కారాయి. ‘చల్లగా ఉన్నాయే’ అంది. నాలుగో రోజున పోయింది. నా రెండో కాన్పు అయ్యాక, నూనె రాస్తూ అమ్మ అసలు సంగతి చెప్పింది. మంత్రసాని దగ్గరికి ఒంటరిగా వెళ్లిందట, అదేదో వేరు పెట్టించుకుందట. పెదనాన్నకు చెబితే వద్దంటారని చెప్పలేదట.

చట్టం వచ్చి అప్పటికే పన్నెండేళ్లు. ఏరు దాటితే ఆసుపత్రి. ఆమెకు ఒక్కరైనా చెప్పి ఉంటే.

అలాగని అంతా తేలికగా చెప్పేయలేను. మా మధ్యవాడు మూడో నెలలో కడుపులోనే పోయినప్పుడు ఈయన దొడ్లో కూర్చుని ఏడ్చిన తీరు ఇంకా మరిచిపోలేదు. అది ఒక ప్రాణం కాదని నాతో ఎవరైనా అంటే ఒప్పుకోను, ఈ రోజుకీ ఒప్పుకోను. అందుకే నిన్న దాకా అనుకునేదాన్ని, తండ్రికి కూడా ఒక మాట ఉండాలని. ఉండాలి. అడగాలి, బతిమాలాలి, ఏడవాలి కూడా. అదంతా ఇంట్లో. ఆసుపత్రి కాగితం మీద ఆయన సంతకం లేకపోతే ఆమె ఒళ్లు కదలకూడదనడం వేరు. పెద్దమ్మ భయపడింది పెదనాన్నకు కాదు, ఆ గీతకే.

నిజానికి మన చట్టం కూడా ‘నీ ఇష్టం’ అని తేల్చి చెప్పదు. డాక్టరు అభిప్రాయం కావాలి. ఇరవై వారాల దాకా ఒకరిది, ఆపైన ఇరవై నాలుగు దాకా కొందరికే, అప్పుడు ఇద్దరిది. మొదట గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్నచోట ‘పెళ్లయిన స్త్రీ లేదా ఆమె భర్త’ అని ఉండేది. 2021లో దాన్ని ‘ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి’ అని మార్చారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు పెళ్లికానివాళ్లకూ ఇరవై నాలుగు వారాల వీలు ఉందని చెప్పింది. కాగితంలోంచి భర్త అన్న మాట పోయింది. ఆ బల్ల మీదికి చేత్తో మళ్లీ గీసుకుంటున్నారు.

నర్సమ్మకూ భయం ఉండవచ్చు. రేపు మొగుడు వచ్చి గొడవ చేస్తే ముందుగా దొరికేది ఆమే. సాయంత్రం కాసేపు అలా అనుకుని చల్లబడ్డాను. తడిసిన ఆ జాకెట్టు గుర్తొచ్చి మళ్లీ మండింది.

ఎల్లుండి ఈయనకు సెలవే, పిల్లలిద్దరినీ చూసుకుంటానన్నారు. మేడ మీద చిన్నది ఏడుస్తోంది. తల్లిని లేవనివ్వకుండా నేనే వెళ్లి ఎత్తుకొస్తాను.