షుగర్ ఉన్న ఇంట్లో క్రిస్మస్ వంట

నాకు షుగర్ ఉందని బయటపడింది నవంబరు 14న. ప్రపంచ మధుమేహ దినమని చిత్తూరులో మా మిట్టూరు దగ్గర ఉచిత శిబిరం పెట్టారు. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టినరోజు అది. మా వదినకు తోడుగా పోయాను. ఆమెకు చూసిన నర్సమ్మ "మీరూ ఒక వేలు ఇవ్వండి మేడమ్" అంది. మీటర్లో 286 వచ్చింది. ఇంకో వేలికి గుచ్చి మళ్లీ చూసింది, దాదాపు అంతే.

కొన్నాళ్లుగా రాత్రిళ్లు మాటిమాటికి లేస్తున్నాను. ఎన్ని నీళ్లు తాగినా నాలుక పిడచకట్టుకుపోతోంది. జాకెట్లు వదులైపోయాయి. యాభై దాటిన ఆడదానికి ఇవన్నీ మామూలే అనుకునే ఇళ్లలో మాదీ ఒకటి. మర్నాడు ల్యాబులో పరగడుపున 178, హెచ్‌బీఏ1సీ 9.1. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా ఆపైన వచ్చాయంటే షుగర్ ఉన్నట్టే. ఈ రెండో పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, నిన్న తిన్న భోజనం మీదికి నెట్టేయడానికి లేదు. డాక్టరుగారు రెండు పూటలా తిన్నాక మెట్‌ఫార్మిన్, పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమెపిరైడ్ రాశారు.

క్రిస్మస్‌కు ఇంకా ఆరు వారాలు కూడా లేవు. ఇంట్లో అందరి టెన్షనూ దాని మీదే. "ఈ ఏడు పిండివంటలు వద్దులే అమ్మా" అన్నాడు పెద్దోడు. మా అత్త అయితే "నీకు నోరు కట్టేసి మేమెట్ల తింటాం?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

నాకు మా నాయన గుర్తొచ్చాడు. ఆయనకూ షుగరే. క్రిస్మస్ నాడు ఇంటిల్లిపాదీ బిర్యానీ తింటుంటే ఆయనకు రెండు పుల్కాలు, చప్పటి బీరకాయ కూర పెట్టి ఒక పక్కన కూర్చోబెట్టేవాళ్లం. ఆయన మంచికేనని నమ్మాం. ఆయన తల ఎత్తకుండా తినేసి లేచిపోయేవాడు. పండగ దాటాక, ఎవరూ లేని వేళ చూసి డబ్బాలోంచి కజ్జికాయలు తీసుకుని తినేవాడు. ఒకటో రెండో కాదు, చేతికి వచ్చినన్ని. షుగర్ నాలుగొందలకు పోయేది, మేము తిట్టేవాళ్లం. ఇప్పుడు ఆ తిట్లు తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. అందరితోపాటు కూర్చుని ఒక్క కజ్జికాయ తిననిచ్చి ఉంటే ఆయన అట్ల దొంగచాటుగా తినాల్సిన పని ఏముంది?

మా చిత్తూరోళ్లకు ఏ రోగమొచ్చినా వేలూరు దగ్గర. అక్కడొక ఆసుపత్రిలో డైటీషియన్ దగ్గరకు పంపారు. తమిళం కలిసిన తెలుగు మాట్లాడే చిన్నపిల్ల. ఏం తినకూడదో చెబుతుందని పోతే, "మీ ఇంట్లో క్రిస్మస్‌కు ఏమేం చేస్తారు?" అని అడిగి అన్నీ రాసుకుంది. కజ్జికాయలు, గులాబీ పువ్వులు, మురుకులు, ప్లమ్ కేకు, మటన్ బిర్యానీ, పితికిపప్పు కూర, సేమ్యా పాయసం. "వీటిలో ఏది లేకపోతే మీకు పండగ అనిపించదు?" అంది. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. చాలాసేపు ఆలోచించి గులాబీ పువ్వు, బిర్యానీ అన్నాను. కేకు నాకు పెద్ద ఇష్టమేం కాదు, ఎవరో చేతిలో పెడితే తింటాను. పాయసమూ అంతే. "అయితే ఇష్టమైనవి తినండి, మొహమాటానికి తినేవి మానేయండి" అంది. కంచం సగం కూరగాయలు, పావు భాగం మాంసమో పప్పో, మిగతా పావు భాగమే అన్నమని బొమ్మ గీసి చూపింది. ముందు కూరగాయలు, తర్వాత మాంసం, చివర్లో అన్నం తింటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదని కూడా చెప్పింది. ఇది నేను మీటరుతో చూసుకున్నాను, నా మటుకు నిజమే.

గులాబీ పువ్వులు నేనే చేస్తాను, మా ఇంట్లో ఇంకెవరికీ ఆ అచ్చు లొంగదు. మైదా, బియ్యప్పిండి, గుడ్డు, కొబ్బరిపాలు, చక్కెర కలిపి పిండి జారుగా ఉంచుకోవాలి. ఇనప అచ్చును నూనెలోనే బాగా కాగనివ్వాలి. కాగిన అచ్చును పిండిలో ముంచితే చుయ్యిమనాలి. ముప్పావు వంతే ముంచాలి, పైఅంచు మునిగిందా, పిండి అచ్చును పట్టుకుని ఇక వదలదు. నూనెలో పెట్టి కాస్త ఆగి మెల్లగా ఊపితే పువ్వు విడివడుతుంది. ఆ ఏడు చక్కెర మూడో వంతు తగ్గించాను. రంగు కొంచెం తక్కువ వచ్చింది, రుచి ఎవరూ కనిపెట్టలేదు. అంతమాత్రాన అది షుగరున్నవాళ్ల తిండి అయిపోదు. మైదా మైదానే, నూనె నూనే. కాబట్టి నాకు ఒక్కటే, అదీ భోజనంతోపాటే.

ఈ విషయంలో మా వైపు రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, చక్కెర బదులు బెల్లం వేస్తే ఏం కాదని. చిత్తూరు బెల్లానికి పేరున్న మాట నిజమే, నాకూ దాని వాసన ఇష్టమే. కానీ రక్తంలో షుగర్‌ను పెంచడంలో దానికీ చక్కెరకూ పెద్ద తేడా లేదు. రెండోది, రాగిసంగటి ఎంత తిన్నా పర్వాలేదని. సంగటిలో బియ్యమూ ఉడుకుతుంది, రాగిలో ఉన్నదీ ఎక్కువగా పిండిపదార్థమే. చిన్న ముద్దయితే సరి, రెండు పెద్ద ముద్దలు తింటే మీటరు వెంటనే చెబుతుంది. షుగర్ ఫ్రీ కేకుదీ అదే కథ, చక్కెర తీసేసినా మైదా అక్కడే ఉంది.

నన్ను ఎక్కువ కష్టపెట్టింది క్యారల్స్. రాత్రి తొమ్మిదికి బయల్దేరితే ఇల్లిల్లూ తిరిగి పాడేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ప్రతి ఇంట్లో కేకు ముక్క, చక్కెర టీ. వద్దంటే "మా ఇంట్లో తినవా అక్కా?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ప్రేమను ఎట్ల కాదంటాం? అందుకే మా చర్చి స్త్రీల సమాజంలో లేచి నిలబడి చెప్పేశాను, నాకు షుగర్ వచ్చింది, మీ ఇంటికొస్తే ఉడికించిన శనగలో వేరుశనక్కాయలో పెట్టండి, సంతోషంగా తింటానని. గొంతు వణికింది. కూర్చున్నాక పక్కనున్న ఇద్దరు మెల్లగా "మాకూ ఉంది" అన్నారు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందంటోంది. మా చర్చి బెంచీల మీద మటుకు ఎవరూ పైకి చెప్పలేదు.

ఇక క్రిస్మస్ రోజు సంగతి. పొద్దున్నే మాత్ర వేసుకుని రెండు ఇడ్లీలు తిని ఆరాధనకు పోయాను. ప్రభువు బల్లలో ఇచ్చే ద్రాక్షరసం ఒక్క గుక్క, దానికి భయపడక్కర్లేదని డాక్టరుగారు ముందే చెప్పారు. వాక్యం, పాటలు, పిల్లల నాటిక అన్నీ అయ్యేసరికి ఒంటిగంటన్నర దాటింది. బయటికొచ్చి అందరికీ చేతులు కలుపుతుంటే చెమటలు పట్టేశాయి. చేతులు వణుకు, గుండె దడదడ, ఎదుటివాళ్ల మాటలు ఎక్కడో దూరం నుంచి వినపడుతున్నట్టు. "షుగర్ పెరిగుంటుంది, తీపి పెట్టొద్దండి" అని ఎవరో అరిచారు. అదృష్టం కొద్దీ క్వయర్‌లో పాడే అమ్మాయి ఒకామె నర్సు. నా సంచిలోని మీటర్ తీసి చూసింది. 61. డెబ్బై కంటే తగ్గితే ప్రమాదం. గ్లిమెపిరైడ్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ ఇట్ల పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఇది అరుదు. ఎవరో కేకు అందిస్తే ఆమె వద్దంది. కేకులో కొవ్వు ఉంటుంది, అందులోని చక్కెర రక్తంలోకి చేరడానికి ఆలస్యమవుతుంది. గ్లాసు నీళ్లలో మూడు చెంచాల చక్కెర కలిపి తాగించింది. పావుగంటకు మళ్లీ చూస్తే 88. మా ఆయన చెయ్యి అప్పటిదాకా నా భుజం మీదనే ఉంది.

ఇంటికి పోయి వెంటనే భోజనానికి కూర్చున్నాను. కీర, ఉల్లి వేసిన పెరుగుపచ్చడి, పితికిపప్పు, నాలుగు మటన్ ముక్కలు. అనపకాయలకు అది సీజను. ముందురోజు రాత్రి గింజలు నానబెట్టి, మా అత్తా నేనూ కూర్చుని ఒక్కొక్కటీ వేళ్లతో పితికి తొక్క తీసిన పప్పు అది. ఆ తర్వాత ఒక గరిటెడు బిర్యానీ, ఒక గులాబీ పువ్వు. తిన్నాక పడుకోకుండా మా ఆయనా నేనూ కట్టమంచి చెరువు వైపు నడిచి వచ్చాం. తిన్న రెండు గంటల తర్వాత చూస్తే 172. తిన్నాక 180 లోపు ఉంటే చాలన్నారు కాబట్టి ఆ అంకె చూసి ఏడ్చేశాను.

మరుసటి సెప్టెంబరుకు హెచ్‌బీఏ1సీ 6.7కు వచ్చింది. డాక్టరుగారు గ్లిమెపిరైడ్ తీసేశారు, మెట్‌ఫార్మిన్ ఉంది. ఇది పోయే జబ్బు కాదని, చేతిలో ఉండే జబ్బని నాకు తెలుసు. రోజూ సాయంత్రం నడుస్తాను, ఏడాదికోసారి కంటి పరీక్షకు పోతాను, రాత్రి పడుకోబోయే ముందు పాదాలు చూసుకుంటాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు మా చిన్నాయన, చిన్నమ్మ పలమనేరు నుంచి వచ్చారు. ఆయన ఇన్సులిన్ మీద ఉన్నాడు. రాగానే "నాకు రెండు పుల్కాలు వేయించమ్మా, చాలు" అన్నాడు, మా నాయన గొంతే. నేను ముందే ఆయన డాక్టరుకు ఫోన్ చేయించి, ఏం తింటే ఇంజెక్షన్ ఎప్పుడు, ఎంత వేసుకోవాలో అడిగించి పెట్టాను. అందరితోపాటు వరసలో కూర్చోబెట్టి అదే కంచం పెట్టాను, కూరలు, ముక్కలు, గరిటెడు బిర్యానీ, ఒక గులాబీ పువ్వు. ఆయన పువ్వును చివరికి ఉంచుకుని, రెక్క రెక్క విరిచి తిన్నాడు. చిన్నమ్మ వంటింట్లోకి వచ్చి, పిండిలో చక్కెర ఎంత తగ్గించావు, బిర్యానీ గరిటె ఏ సైజు అని అడిగి క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంది. అచ్చు కూడా అడిగింది. సంక్రాంతి దాటాక తెచ్చిస్తానంటే ఇచ్చి పంపాను.